ముత్తక్క గోడ మీద కందిరీగలు

మారేడుగుంపు అంగన్‌వాడీ సెంటర్‌కు నాలుగు గోడలుంటే మూడు సర్కారువి, తూర్పు వైపుది మాత్రం ముత్తక్కది. కాగితాల్లో అట్లా ఎక్కడా రాసి ఉండదు గానీ, పర్ణశాల దారిలో ఆటో దిగి ఆ ఊళ్లో ఎవరిని అడిగినా ఇదే మాట చెబుతారు. ఆ గోడకు సున్నం వేయరు, మేకు కొట్టరు, చీపురు తగలనివ్వరు. చూరు కింద, కిటికీ పక్కన, మనిషి చెయ్యెత్తితే అందే ఎత్తులో ఉసిరికాయంత మట్టి గూళ్లు అతుక్కుని ఉంటాయి. మూత పడకముందు చూస్తే ఒక్కోదానికి సన్నని మెడ, ఆ మెడకు విచ్చుకున్న అంచు, అచ్చం కుండే. కట్టింది మాత్రం మట్టి కందిరీగ. ప్రతి గూటి పక్కనా గోడ మీద పసుపు చుక్కలు పెట్టి ఉంటాయి, ఒకచోట ఒకటి, ఇంకోచోట రెండు.

శ్రావణి ఆ సెంటర్‌లో టీచర్‌గా చేరిన మొదటి రోజే ఈ గోడతో తగువు పెట్టుకుంది. ముదిగొండలో పుట్టి, ఖమ్మంలో డిగ్రీ చదివి, ఈ ఊరి రాజేష్‌ను చేసుకుని వచ్చిన పిల్ల. శుభ్రమంటే మహా పట్టింపు. గోడ చూడగానే బూజుకర్ర అందుకుంది. కర్ర గూటిని తాకేలోపే వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి పట్టుకుంది. గరిటె తిప్పి తిప్పి కాయలు కాసిన గట్టి చెయ్యి.

"అది సోమ్లిది టీచరమ్మా," అంది ముత్తక్క.

"సోమ్లి ఎవరు?"

"తండా నుంచి వస్తది. ఏడో నెల."

అంతే చెప్పి లోపలికి పోయి పప్పు దించుకుంది. శ్రావణి బూజుకర్ర పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. కందిరీగ గూటికీ ఏడో నెల కడుపుకూ సంబంధమేమిటో చెప్పేవాళ్లు కూడా లేరు ఆ పూట.

ముత్తక్క ఆ సెంటర్‌లో ఆయా. ఇరవై రెండేళ్లుగా వండుతోంది, వడ్డిస్తోంది, పిల్లల ముక్కులు తుడుస్తోంది. యాభై ఐదు దాటిన కోయ మనిషి. పొట్టి, బక్క పలచన, మాటల్లో మరీ పొదుపు. కోపమొస్తే అరవదు, గిన్నెలు తోముతుంది. శ్రావణికి ఆ గిన్నెల చప్పుడు అర్థం కావడానికి ఆరు నెలలు పట్టింది. భర్త పోయి పదేళ్లు. ముగ్గురు పిల్లల్లో ఇద్దరు మగపిల్లలు వేరు కాపురాలు పెట్టారు, ఆఖరిది దుర్గను అశ్వారావుపేటలో పామాయిల్ తోటల ట్రాక్టర్ నడిపే అతనికి ఇచ్చారు. ఆ పిల్లంటే ముత్తక్కకు ప్రాణం. ఫోన్‌లో దుర్గ పేరు పడితే చాలు, పొయ్యి మీద ఏముందో కూడా మరిచిపోతుంది.

గోడ సంగతి శ్రావణికి ఊళ్లో వాళ్లే విడివిడిగా చెప్పారు. ఇంట్లో మట్టి కందిరీగ గూడు కడితే ఆ ఇంట బిడ్డ పుడుతుందనేది ఈ చుట్టుపక్కల అందరూ అనుకునే మాటే, శ్రావణి అమ్మమ్మ కూడా ముదిగొండలో అనేది. ముత్తక్క చేసిందల్లా ఆ మాటను తెచ్చి సెంటర్ గోడకు తగిలించడం. అది ఎట్లా జరిగిందో చెప్పుకోవాలి.

ఒకప్పుడు గర్భిణులకు సరుకులు ఇంటికి ఇచ్చేవారు. ఇంటికి పోయిన గుడ్డు ఇంటిల్లిపాదీ తినేవాళ్లు, కడుపుతో ఉన్నామెకు మిగిలేది పెంకు. తరవాత పద్ధతి మారింది. సెంటర్‌కే వచ్చి, కూర్చుని, అన్నం, పప్పు, గుడ్డు, పాలు అక్కడికక్కడే తీసుకోవాలన్నారు. మంచి పద్ధతే గానీ ఎవరూ రారే. ఇంట్లో అత్త గంజి తాగుతుంటే కోడలు పోయి గుడ్డు తిని రావడమేమిటని సిగ్గు. ముత్తక్క ఇల్లిల్లూ తిరిగింది, బతిమాలింది, కోప్పడింది. అయినా పది మందికి వండితే ముగ్గురొచ్చేవాళ్లు. అట్లాంటి రోజుల్లోనే ఒకసారి, ఎప్పుడో ఒకరోజు వచ్చి పోయే ఒక కడుపుతోటి పిల్ల తింటూ తింటూ గోడ వైపు చూసింది. కందిరీగ ఒకటి తడిమట్టి ఉండ తెచ్చి గూటి అంచుకు అద్దుతోంది.

"పెద్దమ్మా, అది ఎవరి కోసం కడుతున్నది?" అంది ఆ పిల్ల.

ముత్తక్క అటు చూసింది, ఇటు చూసింది. "నీ కోసమే," అంది.

మర్నాడు ఆ పిల్ల వేళకు ముందే వచ్చింది, గూడు ఎంతవరకు అయిందో చూద్దామని. వచ్చినామె తినకుండా పోదు కదా. ఆ మర్నాడు ఇంకొకామెను వెంటపెట్టుకు వచ్చింది, మరి నాదేది అని ఆమె అడిగింది. అట్లా మొదలైంది ఈ గోడ భాగోతం. పేరు రాయించుకున్న ప్రతి గర్భిణికీ ఒక గూడు. మొదటి కాన్పయితే ఒక పసుపు చుక్క, రెండోదైతే రెండు. చుక్క ఎవరిది వాళ్లే పెట్టుకోవాలి, గూడు రోజూ వాళ్లే చూసుకోవాలి. మూత పడటం, లోపల పురుగు ఎదగడం, నాలుగు వారాలకో ఐదు వారాలకో గూటికి రంధ్రం చేసుకుని కొత్త కందిరీగ బయటకు రావడం, ఇవన్నీ చూడాలంటే రోజూ రావాల్సిందే. రంధ్రం పడిందంటే ఇక దిగులు లేదని ఆడవాళ్ల ధీమా.

అయితే పేర్లు పదకొండు వచ్చి గూళ్లు నాలుగే ఉంటే? అసలు కష్టం అక్కడ వచ్చింది. కందిరీగలకు ఆర్డరు వేసే అధికారి ఎవరూ లేరు. వాటిని పిలిపించుకోవాలి. అందుకని ముత్తక్క పెరడును మొత్తం వాటికి నచ్చేట్టు మార్చేసింది. బోరింగు దగ్గర పగిలిన బేసిన్‌లో పుట్టమన్ను వేసి ఎండాకాలంలో కూడా తడి ఆరకుండా చూసేది, ఎందుకంటే తడిమట్టి దొరకని చోట కందిరీగ ఇల్లు కట్టదు. కొత్తిమీర, ఆవాలు, సోంపు కోసుకున్నంత కోసుకుని సగం పూతకు వదిలేసేది, ఆ చిన్న పూల తేనె కందిరీగకు ఆహారం. బిడ్డ పురుగుకేమో గొంగళి పురుగులు కావాలి. పెరటి చివర ఒక సాలు తోటకూర వాటికే వదిలేసింది. ఆకు జల్లెడైపోయినా సరే, ఆ సాలు ఎవరూ కోయకూడదు. చిక్కుడు తీగకు పేనుబంక పడితే వేపనూనె సీసా తీసేది కాదు, రెండు రోజులు ఆగేది. అక్షింతల పురుగులు ఎక్కడి నుంచో దిగి తీగ మీది బంకంతా తుడిచి పెట్టేవి.

డిగ్రీలో జువాలజీ చదివిన శ్రావణి ఒక రోజు ఉత్సాహం పట్టలేక చెప్పింది, కందిరీగ గొంగళిని చంపదనీ, కుట్టి కదలకుండా చేసి గూట్లో పేరుస్తుందనీ, పైన గుడ్డును దారానికి వేలాడదీస్తుందనీ. ముత్తక్క బియ్యం ఏరుతూ వింది.

"గొంగళ్లు ఆరు పెడతది," అంది చివరకు. "ఒక్కోసారి ఎనిమిది. చిన్నయి అయితే ఎక్కువ పెడతది."

పుస్తకంలో ఆ లెక్క లేదు. శ్రావణి నోరు మూసుకుని తనూ ఒక చేట అందుకుంది.

పక్క చేను వెంకటరామారావుది. వాళ్ల నాన్న కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం, మిరప వేస్తారు, మందు కొట్టనిదే నిద్రపట్టదు. ఆయన దగ్గరకు ముత్తక్క ఒకసారి పోయి, మందు కొట్టే రోజు ముందుగా కబురు పెట్టమనీ, పొద్దుగూకే వేళ గాలి లేనప్పుడు కొట్టమనీ అడిగింది. ఎందుకమ్మా అన్నాడాయన. "మా కడుపుతోటి ఆడపిల్లలకు మంచిది కాదయ్యా," అందట. అందులో అబద్ధమేముంది. ఆయన అప్పటి నుంచీ సాయంత్రాలే కొడుతున్నాడు. ముత్తక్క పెరట్లో వంకాయ మీద పుచ్చు ఎందుకు తక్కువో తనకు తెలియడం లేదని ఇప్పటికీ అంటుంటాడు.

ఇదంతా చూశాక శ్రావణికి ముత్తక్క మీద గౌరవం పెరిగింది. ఒక మధ్యాహ్నం ఇద్దరూ గిన్నెలు సర్దుతుంటే అడిగేసింది.

"ముత్తక్కా, నిజం చెప్పు. గూడు కడితే బిడ్డ బతుకుతుందని నువ్వు నమ్ముతవా?"

"నా ముగ్గురి అప్పుడు మా ఇంట్ల ఏ కందిరీగా గూడు కట్టలే," అంది ముత్తక్క.

"అంటే నమ్మవు."

"నమ్మితే ఏంది, నమ్మకుంటే ఏంది. గుడ్డు తింటున్నరా లేదా, అది చూడు."

శ్రావణి నవ్వుకుంది. ఓహో, ఇదంతా ఆడవాళ్లను రప్పించే ఉపాయమన్నమాట, గడుసు మనిషే అనుకుంది. ఆ అభిప్రాయంతోనే రెండేళ్లు గడిపింది.

ఈసారి చలికాలానికి గోడ మీద పది గూళ్లున్నాయి. పదిలో ఒకదాని పక్కన మూడు పసుపు చుక్కలు. అది జంపక్కది. ఊరికి రెండు కిలోమీటర్ల అవతల అడవి అంచున నాలుగిళ్ల కోయ గుంపులో ఉంటుంది, ఇరవై మూడేళ్ల పిల్ల. మొదటి కడుపు ఐదో నెలలో పోయింది. రెండో బిడ్డ పుట్టిన పూటే పోయింది. మూడోది నిలిచిందని తెలిశాక జంపక్క మాట్లాడటమే తగ్గించేసింది. ఒంట్లో రక్తం లేదు, కనురెప్ప కింద చూస్తే తెల్లగా పాలిపోయి ఉండేది. మాత్రలు ఇస్తే చీర కొంగున కట్టుకుపోయి ఎక్కడో పారేసేది. ఏడో నెలలో పడ్డాక కూడా సెంటర్‌కు వారానికి ఒక్కసారి రావడమే గొప్ప.

డిసెంబర్ నడిమధ్య ఆమె గూడు మొదలైంది. ఆ రోజు నుంచీ జంపక్క మానలేదు. రెండు కిలోమీటర్లు నడిచి వచ్చి, గూటి కింద గోడకు ఆనుకుని కూర్చుని, పళ్లెంలో మెతుకు మిగలకుండా తినేది. మాత్ర కూడా ముత్తక్క కళ్ల ముందే మింగేది. పది రోజుల్లో గూటికి మూత పడింది. "ఇంక లోపల ఉన్నది," అని చెప్పింది జంపక్క, ఎవరూ అడగకుండానే. ఆమె తనంతట తాను మాట్లాడటం శ్రావణి అదే మొదటిసారి విన్నది.

అదే వారంలో ఇంకో గూటికి కూడా మూత పడింది. అది తూర్పు గోడ మీద లేదు, లోపలి వరండాలో వంటగది గుమ్మం పైన ఉంది. దాని పక్కన ఒక్క పసుపు చుక్క, పెట్టింది ముత్తక్కే. దుర్గకు పెళ్లయిన ఆరేళ్లకు కడుపు నిలిచింది. మూడో నెల. తిరగని దవాఖానా లేదు, మొక్కని కొండ లేదు. ఆ కబురు వచ్చిన రోజు ముత్తక్క పాయసం కాచి పిల్లలందరికీ పెట్టింది. గుమ్మం పైన గూటి కిందుగా పోయినప్పుడల్లా తలెత్తి చూసేది. ఎవరైనా చూస్తున్నారని తెలిస్తే బల్లిని తోలినట్టు నటించేది.

ఆ దుర్గకే జనవరి మొదట్లో వాంతులు ఎక్కువై మంచాన పడిందని ఫోన్ వచ్చింది. ముత్తక్క నాలుగు రోజులు సెలవు పెట్టింది. సరిగ్గా అప్పుడే సెంటర్‌లన్నింటికీ గోడల మీద బొమ్మలు వేయించి ఫోటో పంపాలని పై ఆఫీసు నుంచి చెప్పారు. బస్సెక్కే ముందు ముత్తక్క ఒకే మాట చెప్పింది.

"మూడు గోడలు ఏపియ్యి టీచరమ్మా. తూర్పుది ముట్టనియ్యకు."

"నాకు తెల్వదా ముత్తక్కా, నువ్వు నిశ్చింతగా పోయి రా," అంది శ్రావణి.

అనడమైతే అంది. పెయింటర్ బాలకృష్ణ భద్రాచలం నుంచి డబ్బాలు మోసుకొచ్చి చుట్టూ తిరిగి చూశాడు. రోడ్డుకు కనబడేది తూర్పు గోడ ఒక్కటేననీ, ఫోటో తీసి పంపాల్సింది కూడా దాన్నేననీ, మిగతా మూడూ వేసినా ఎవరికీ కనబడవనీ చెప్పాడు. మాట నిజమే. శ్రావణి ఒక గంట ఊగిసలాడింది. ముత్తక్కే నమ్మదు కదా అనుకుంది. చాలా గూళ్లు రంధ్రాలు పడి ఖాళీ అయినవే కదా, కందిరీగలు మళ్లీ కట్టుకుంటాయిలే అనుకుంది. ఫోటో పంపితే వచ్చే మెచ్చుకోలు కూడా కళ్ల ముందు మెదిలింది, అది మాత్రం తనకు తాను కూడా ఒప్పుకోలేదు. సరే గీకెయ్ అంది. బాలకృష్ణ ఇనుప పట్టీతో గీకాడు. గీకిన చోట నీలం పూసి, అరటిపండు, ఏనుగు, రెండు సీతాకోకచిలుకలు, నవ్వుతున్న తేనెటీగ ఒకటి గీశాడు. గోడ ధగధగ మెరిసింది.

మర్నాడు పన్నెండింటికి జంపక్క వచ్చింది. పళ్లెం తీసుకుని అలవాటుగా గోడ దగ్గరకు నడిచి ఆగిపోయింది. చాలాసేపు ఆ నీలం వైపే చూసింది. కూర్చుని ముద్ద కలిపింది. కలిపిన ముద్ద పళ్లెంలోనే వదిలేసి, చెయ్యి కడుక్కుని, ఎవరితోనూ ఏమీ అనకుండా వెళ్లిపోయింది. శ్రావణి వెనకాలే రోడ్డు దాకా పోయి పిలిచింది. తిరిగి చూడలేదు.

ఆ మర్నాడు పది మందిలో ఒక్కరూ రాలేదు. శ్రావణి గుడ్లు ఉడికించి, పాలు కాచి, మూడింటి దాకా గుమ్మంలో నిలబడింది. చల్లారిన గుడ్ల గిన్నె ముందు కూర్చుంటే ఏడుపు తన్నుకొచ్చింది. గోడ మీద తేనెటీగ నవ్వుతూనే ఉంది.

ఐదో రోజు పొద్దున ముత్తక్క దిగింది. గోడ చూసింది. శ్రావణి తిట్లకు సిద్ధపడి తలొంచుకుంది. ముత్తక్క తిట్టలేదు. చేట తెచ్చి గోడ వెంబడి రాలిన పెచ్చులన్నీ ఎత్తి, ఎండలో కూర్చుని ఒక్కొక్కటే ఏరింది. ఖాళీ గూళ్ల పెంకులు ఒక పక్కన పెట్టింది. జంపక్క గూడు ముక్కల్లో తెల్లటి పురుగు నలిగి ఎండిపోయి ఉంది. దాన్ని కొత్తిమీర మడిలో వేసి మట్టి కప్పింది.

"జంపక్క ఏమన్నది?" అని అడిగింది అప్పుడు.

"ఏమీ అనలే. ముద్ద కలిపి వదిలేసి పోయింది."

"తినకుండనా?"

"తినకుండా."

ముత్తక్క చేట కింద పెట్టింది. "గోడ పోతే పోయింది, మళ్లొస్తది," అంది. "కలిపిన ముద్ద ఇడిసి పోతుంటే ఎట్ల పోనిచ్చినవ్?"

ఆ రోజంతా వంటగదిలో గిన్నెల చప్పుడు ఆగలేదు. తోమిన గిన్నెనే మళ్లీ తోమింది ముత్తక్క. జంపక్క భర్త దూలయ్య మిరప కోతలకు చర్ల వైపు పోతున్నాడనీ, ఈసారి పెళ్లాన్ని కూడా తీసుకుపోతాడనీ మధ్యాహ్నానికి కబురు తెలిసింది. ఏడో నెల నిండుతున్న పిల్ల, ఒంట్లో రక్తం లేని పిల్ల, పొద్దంతా ఎండలో వంగి మిరపకాయలు కోస్తే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. సాయంత్రం శ్రావణి ఇంటికి పోతుంటే ముత్తక్క అంది, "రేపు పొద్దుగాల జల్దీ రా. గుంపుకు పోదాం."

మర్నాడు మంచు విడవకముందే బయల్దేరారు. ముత్తక్క చేతిలో కొబ్బరి చిప్ప ఉంది, పైన గుడ్డ కప్పి. ఇప్పచెట్ల మధ్య బాటలో ఆమె నీళ్లకుండ నెత్తినున్నట్టు అడుగు వేసింది. గుంపులో దూలయ్య మూట కట్టి సిద్ధంగా ఉన్నాడు, ట్రాలీ వచ్చే వేళయింది. జంపక్క గుమ్మంలో కూర్చుని ఉంది. వీళ్లను చూసి మొహం తిప్పుకుంది.

ముత్తక్క ఆమె ముందు చతికిలబడి గుడ్డ తీసింది. చిప్పలో దూది, దూదిలో మట్టి గూడు. మూత పగల్లేదు, అంచు చెదరలేదు. చిప్ప మీద మూడు పసుపు చుక్కలు. కోయ మాటలోనే చెప్పింది ముత్తక్క, రెండేళ్లలో శ్రావణికి వంటబట్టిన మేరకు ఆ మాటలు ఇవి.

"గీకినప్పుడు కొత్తిమీర మడిలో పడ్డది. మెత్తటి చోట పడ్డది కాబట్టి పగల్లేదు."

జంపక్క గూటిని తాకలేదు. వంగి చూసింది. "బతికున్నదా?" అంది.

"నాకేం తెలుసు. రోజూ వచ్చి చూస్తే నీకే తెలుస్తది."

"ఇంట్లో పెట్టుకుంట."

"పొయ్యి పొగకు చచ్చిపోతది. గోడకే ఉండాలె. నువ్వే మోసుకు రా."

ట్రాలీ చప్పుడు వినబడింది. దూలయ్య మూట భుజానికెత్తి పెళ్లాం వైపు చూశాడు. జంపక్క లేచి, రెండు చేతులతో చిప్ప పట్టుకుని, ట్రాలీ వైపు కాకుండా బాట వైపు నడిచింది. దూలయ్య ఒక్కడే పోయాడు, పోతూ పోతూ ముత్తక్కకు దండం పెట్టి పోయాడు. శ్రావణి వాళ్ల వెనకే నడిచింది. చేటలో ఏరినప్పుడు ఆ గూడు పురుగు నలిగిపోయి ఉండటం తను చూసింది కదా అని ఒక్క క్షణం అనిపించింది. పొరపాటున వేరేదేదో చూసి ఉంటాలే అని సర్దిచెప్పుకుంది. ఆ పూట ఆమెకు కావలసింది నిజం కాదు, జంపక్క నడిచి రావడం.

సెంటర్‌కు చేరాక ముత్తక్క బేసిన్‌లో తడి పుట్టమన్ను తీసి, నవ్వుతున్న తేనెటీగ మొహం మీదే గూడును అతికించింది. జంపక్క దాని పక్కన మూడు చుక్కలు పెట్టి, కింద కూర్చుని, వండి ఉన్నది మొత్తం తిన్నది. మిగతా తొమ్మిది మందీ రెండు రోజుల్లో ఒక్కొక్కరే తిరిగొచ్చారు. వాళ్ల గూళ్లు ఎప్పుడో రంధ్రాలు పడి ఖాళీ అయినవే కాబట్టి పెద్ద పేచీ రాలేదు. జంపక్కే వచ్చినప్పుడు మనకేమన్నట్టు వచ్చారు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం జంపక్క ముద్ద నోటి దగ్గర పెట్టుకుని ఆగిపోయింది. గూటికి పక్కగా రంధ్రం పడింది. పసుపు పట్టీల సన్ననడుము కందిరీగ బయటకొచ్చి, నీలం గోడ మీద రెక్కలు ఆరబెట్టుకుంటోంది. అది ఎగిరి ఆవపూల మీదికి పోయేదాకా ఎవరూ కదల్లేదు. జంపక్క నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది, ఏడుస్తూనే తిన్నది. వంటగది గుమ్మంలో నిలబడి చూస్తున్న ముత్తక్క మెల్లగా లోపలికి పోయింది.

మార్చిలో భద్రాచలం దవాఖానాలో జంపక్కకు ఆడపిల్ల పుట్టింది. రెండు కిలోల ఏడు వందలు. ఇరవై ఒకటో రోజున బిడ్డను తెచ్చి గోడకు చూపించి, తరవాత ముత్తక్క ఒళ్లో పెట్టింది. శ్రావణి రిజిస్టర్‌లో బరువు రాసి, కింద రెండుసార్లు గీత గీసింది.

ఆ మర్నాడే వంటగది గుమ్మం పైన బల్బు మార్చడానికి శ్రావణి స్టూలెక్కింది. కళ్లెదురుగా ఒక్క పసుపు చుక్క, కాస్త వెలిసిపోయి. దాని పక్కన గూడు లేదు. గూడు ఉన్న చోట గుండ్రటి మట్టి మచ్చ, చుట్టూ కత్తి మొనతో జాగ్రత్తగా లేపిన గీతలు. ఈ గుమ్మం జోలికి బాలకృష్ణ రాలేదు. ఇక్కడ రంగే పడలేదు. శ్రావణికి చేటలో నలిగిన పురుగు గుర్తొచ్చింది, కొత్తిమీర మడి గుర్తొచ్చింది. బల్బు మార్చకుండానే స్టూలు దిగింది.

ముత్తక్క బియ్యం కడుగుతోంది. శ్రావణి పోయి ఆమె పక్కన కూర్చుంది.

"జంపక్కకు ఇచ్చింది దుర్గ గూడు కదా?"

ముత్తక్క కడుగు నీళ్లు వంచింది. "అవ్," అంది.

శ్రావణి తనను తాను సముదాయించుకోబోయింది. "పోనీలే, నువ్వెట్లాగూ నమ్మవు కాబట్టి..."

"నమ్మనని నేనెప్పుడు చెప్పిన టీచరమ్మా?"

ఆరేళ్లకు నిలిచిన కడుపు. గుమ్మం దాటినప్పుడల్లా తలెత్తి చూసుకున్న గూడు. దాన్ని తన చేత్తోనే కత్తితో లేపి, దూదిలో పెట్టి, రెండు కిలోమీటర్లు మోసుకుపోయి ఇంకొకరి బిడ్డకు ఇచ్చి వచ్చింది ఈ మనిషి. ఇప్పటిదాకా పైకి ఒక్క మాట అనలేదు. గోడను గీకించిందేమో తను.

"మరి దుర్గ?" అంది శ్రావణి.

"దుర్గకు నేనున్న," అంది ముత్తక్క. "ఆ పిల్లకెవరున్నరు? గూడు తప్ప." బియ్యం ఎసట్లో పోసి మూత పెట్టింది.

మర్నాటి నుంచి శ్రావణి గంట ముందే సెంటర్‌కు రావడం మొదలుపెట్టింది. బేసిన్‌లోని పుట్టమన్ను తడిపి, ఒక పిడస చిప్పలో పెట్టి గుమ్మం పైన చూరుకు కట్టేది. కొత్తిమీర పూలున్న కొమ్మలు తెచ్చి డబ్బాలో నీళ్లు పోసి పక్కన పెట్టేది. గోడ మీద బాలకృష్ణ వేసిన నీలం రంగును కిటికీ పక్క నుంచి చూరు దాకా తనే గీకేసింది. అరటిపండు సగం పోయింది, సీతాకోకచిలుకలు మొత్తం పోయాయి. ఫోటోలో బాగా రాకపోతే పోనీ అనుకుంది. దుర్గకు ఏడో నెల. ఒక్క కందిరీగ కూడా గుమ్మం వైపు తొంగిచూడలేదు. ముత్తక్క ఇదంతా చూస్తూనే ఉంది, చూడనట్టు.

పన్నెండో రోజు పదకొండు గంటలకు పప్పు మీద పోపు పడుతుండగా చెవి పక్కన సన్నని జుమ్మంటున్న చప్పుడు వినబడింది. శ్రావణి తలెత్తింది. పసుపు చుక్కకు రెండు వేళ్ల ఎడంగా, తడి మట్టి ఉండ ఒకటి అప్పుడే గుమ్మానికి అంటుకుంది. కందిరీగ పోయింది, ఇంకో ఉండతో వచ్చింది.

"ముత్తక్కా," అంది శ్రావణి. గుమ్మం పైకి చెయ్యి చూపించింది.

ముత్తక్క గరిటె పట్టుకునే స్టూలెక్కింది. చాలాసేపు చూసింది. "జర వంకరగ కడుతున్నది," అంది.

అని దిగలేదు. గూటికి అడుగు కుదిరేదాకా, అంచు లేచేదాకా ఆ స్టూలు మీదే నిలబడి ఉంది. ఆ రోజు అన్నం అడుగంటింది. వచ్చినవాళ్లంతా మాడు వాసన మీద ఛలోక్తులు వేసుకుంటూనే పళ్లేలు ఖాళీ చేశారు.